రేపటి మాట



షాద్‌నగరు పేరులో ఒక కవి యున్నాడు. హైదరాబాదు సంస్థానమున ప్రధానమంత్రి పదవి నిర్వహించిన మహారాజా సర్ కిషన్ పర్షాద్ ‘షాద్’ అను కలము పేరుతో ఉర్దూలో కవిత్వము చెప్పినవారు. ఆ పేరే ఊరికి నిలిచినది. 1952లో ఈ నియోజకవర్గము నుండి శాసనసభకు ఎన్నికై ముఖ్యమంత్రియైన బూర్గుల రామకృష్ణారావుగారు బహుభాషాకోవిదులు. ఇంట తెలుగు, ఒకప్పుడు కచేరిలో ఉర్దూ, ఇప్పుడు బడిలో ఆంగ్లము: ఈ మూడింటి నడుమ పెరిగిన సీమ ఇది. ఈ మూడును కలియు చోట తెలుగువానికి కాలు జారు తావు ఒకటి కలదు. అది రేపటి మాట.

పల్లె నుండి ఒక యువకుడు హైదరాబాదులోని బావగారికి ‘రేపు వస్తాను’ అని ఆంగ్లమున వ్రాయబూనెననుకొనుడు. బడిలో నేర్చినది ఒక్కటే: ‘ఐ విల్ కమ్ టుమారో’. వ్యాకరణమున తప్పు లేదు. అయినను టికెట్టు కొని, సెలవు పెట్టి, బావగారికి ముందే కబురు చేసినవాడు ఆంగ్లేయుడైనచో ‘ఐయామ్ కమింగ్ టుమారో’ అని వ్రాయును. టికెట్టు కొనలేదు గాని వెళ్ళి తీరవలెనని వారము దినములుగా మనసున నిశ్చయించుకొన్నవాడు ‘ఐయామ్ గోయింగ్ టు విజిట్ యు’ అనును. ఆలోచన లేకుండ కూర్చుండినవానిని బావగారు ఫోనులో రమ్మనగా, అప్పటికప్పుడు ‘సరే, వస్తాను’ అనుటకు ‘ఐ విల్ కమ్’ చక్కగా తగును. తెలుగున మూడింటికిని ‘వస్తాను’ అన్న మాటయే చాలును. మాట యొకటే, దాని వెనుకనున్న ఆధారము వేరు. ఆ ఆధారమును తెలుగువాడు గొంతుతోను, సందర్భముతోను తెలుపును. ఆంగ్లేయుడు క్రియతోనే తెలుపును.

దీనికి కారణము ఆ భాష పుట్టుకలోనే కలదు. ఆంగ్లక్రియకు ‘వాక్’, ‘వాక్డ్’ అని వర్తమాన భూతములకు రూపములు కలవు గాని, భవిష్యత్తునకు ప్రత్యేకమైన ప్రత్యయము లేదు. డెన్మార్కు దేశపు పండితుడు ఒట్టో యెస్పర్సన్ ఆంగ్లమునకు భవిష్యత్కాల రూపమే లేదని వాదించెను. లేని దానిని అరువు తెచ్చుకొనవలసి వచ్చినది. ‘విల్’ అనగా పూర్వము కోరుట. ‘షల్’ అనగా బాకీపడి యుండుట. ఒకటి మనసులోని కోరిక, మరియొకటి లెక్కల పుస్తకములోని అప్పు. ఈ రెండును అరిగి అరిగి కాలమును తెలుపు మాటలైనవి. పాత వాసన మాత్రము పూర్తిగ పోలేదు.

మూడవ అరువు ‘గోయింగ్ టు’, అనగా పోవుట. ఇచ్చట ఒక వింత కలదు. తెలుగున ‘వాన పడబోవుచున్నది’ అనునప్పుడు ‘బోవు’ ఎవరు? ‘పోవు’ ధాతువే. ఉర్దూలో ‘ఆయేగా’, ‘జాయేగా’ అనునప్పటి చివరి ‘గా’ ఏది? పోయినది అను అర్థము గల సంస్కృత ‘గత’ శబ్దము నుండియే వచ్చినదని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. తెలుగును, ఆంగ్లమును, ఉర్దూయును రేపటికి కాలినడకనే పోయినవి. కాబట్టి ‘గోయింగ్ టు’ను చూచి బెదరవలసిన పని లేదు. ‘బోవుచున్న’ అని చెప్పదగిన చోట దానిని ధైర్యముగ వాడవచ్చును. నైరుతి మూల నల్లబడినది, గాలి చల్లబడినది. వాన పడబోవుచున్నది: ‘ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్’. ఆవు పొదుగు దించినది, మేత మానినది, లేచుచు పండుకొనుచు నున్నది, ఈనబోవుచున్నది. గుర్తులు కన్నులకు కనబడుచున్నవి గనుక ఇచ్చట ‘గోయింగ్ టు’వే సరియైనది. గుర్తు ఏమియు లేక, వచ్చు ఏట పంట బాగుండునని నమ్మకముతో పలుకువానికి ‘విల్’ చాలును.

ప్రాచీనులు ఈ సూక్ష్మమును ఎరుగరని తలచుట పొరపాటు. పాణిని భవిష్యత్తునకు రెండు లకారములు చెప్పెను. సామాన్య భవిష్యత్తునకు లృట్. నేటిది కాక, రేపు మొదలు జరుగు దానికి లుట్. అంతటితో నిలువక, వర్తమానమునకు చేరువనున్న దానిని వర్తమానము వలెనే చెప్పవచ్చునని మరియొక సూత్రము చేసెను. ఎప్పుడు వెళ్ళెదవని అడిగినవానికి ఇదిగో వెళ్ళుచున్నానని బదులు చెప్పుట దానికి ఉదాహరణము. ‘ఐయామ్ కమింగ్’ అని ఆంగ్లేయుడు చెప్పునదియు, ‘వస్తున్నా, వస్తున్నా’ అని అరుగు మీది నుండి కదలకయే తెలుగువాడు చెప్పునదియు ఆ సూత్రపు నీడలోనివే.

తెలుగు మాటయు కొంత చెప్పవలెను. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో వెలువడినది. అందు భవిష్యత్తు వేరు, తద్ధర్మము వేరు. ‘చేసెదను’ అన్నది రాబోవు పనిని తెలుపును. ‘చేయుదును’ అన్నది స్వభావమును, అలవాటును తెలుపును. వాడుకభాషలో రెండును కలిసి ‘చేస్తాను’ అయినవి. ‘సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు’ అనుటకును, ‘మా అబ్బాయి రేపు వస్తాడు’ అనుటకును ఒకే రూపము. అందువలననే తెలుగు పిల్లవాడు ఆంగ్లమున సూర్యునికిని ‘విల్’ తగిలించును. అది తెలివితక్కువ కాదు, తల్లిభాష అలవాటు. గురువులు బెత్తము తీయుటకు ముందు దీనిని తెలిసికొన్న మేలు.

ఈ కలయిక వలన ఒక లాభమును కలదు. రైలు పట్టిక తద్ధర్మము. ‘బండి ఆరు గంటలకు బయలుదేరుతుంది’ అనుట దాని స్వభావము చెప్పుటయే. ఆంగ్లమునను అంతే: ‘ద ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్’. రేపటి బండికైనను ‘విల్’ అవసరము లేదు. 2008 మార్చిలో తెరచిన శంషాబాదు విమానాశ్రయమునుండి ఎగురు విమానముల వేళలకును ఇదియే వరుస. బండి రెండు గంటలు ఆలస్యమైనను పట్టికలోని వర్తమానము మాత్రము చెక్కు చెదరక ‘లీవ్స్’ అనియే యుండును. అది వేరు విషయము.

షరతు వాక్యములలో తెలుగు మరింత తోడ్పడును. ‘వాన పడితే వస్తాను’ అనుచోట ‘పడితే’కు కాలమే లేదు. ‘రేపు వచ్చినప్పుడు ఇస్తాను’ అనుచోట రేపటి పనికి భూతకాలపు ‘వచ్చిన’ వచ్చి కూర్చున్నది. ఆంగ్లమునను ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’, ‘వెన్ హి కమ్స్’ అని వర్తమానమే కాని ‘విల్’ రాదు. ఉర్దూలో మాత్రము ‘అగర్ బారిష్ హోగీ’ అని భవిష్యద్రూపమును వాడుదురు. ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ అను తప్పునకు అదియు ఒక దారి కావచ్చును. ఊహను చెప్పు చోట మూడు భాషలును మరల ఏకమగును: ‘ఈపాటికి షాద్‌నగరు చేరి ఉంటాడు’, ‘పహుంచ్ గయా హోగా’, ‘హి విల్ హావ్ రీచ్డ్ బై నౌ’. జరిగిపోయిన పనికి భవిష్యత్తు తొడుగు!

ఇక ‘షల్’. ‘ఐ’, ‘వి’ అను వానితో ‘షల్’ వచ్చిన భవిష్యత్తు, ‘విల్’ వచ్చిన ప్రతిజ్ఞ. తక్కిన పురుషలయందు ఇది తలక్రిందులు. ఈ నియమమును 1653లో జాన్ వాలిస్ అను గణితజ్ఞుడు తన ఆంగ్ల వ్యాకరణమున వ్రాసెను. దానిపై ఒక పాత హాస్యకథ కలదు. నీట మునుగుచున్న ఒక పరప్రాంతీయుడు రెండింటిని తారుమారు చేసి అరచెనట. ‘మునిగిపోవుదును, ఎవ్వరును రక్షింపరు’ అని వాని ఏడుపు. ‘మునిగి తీరెదను, ఎవ్వరును రక్షింపరాదు’ అని ఒడ్డువారికి వినబడినది! 1906లో ఫౌలర్ సోదరులు సహితము ఈ సంప్రదాయము దక్షిణ ఇంగ్లండున పుట్టినవారికి గాని పట్టుబడదని ఒప్పుకొనిరి. స్కాట్లండువానికి రాని దానిని తెలుగు బాలురచే కంఠపాఠము చేయించుట న్యాయము కాదు. నేడు ఇంగ్లండునను అది సడలినది. ‘ఐ విల్’ అన్న సరిపోవును. ‘షల్ ఐ ఓపెన్ ద డోర్?’ అని ఎదుటివారి ఇష్టము అడుగు చోట మాత్రము ‘షల్’ నిలిచియున్నది.

అది చట్టములలోను, దస్తావేజులలోను ఇంకను గద్దె దిగలేదు. అచ్చట ‘షల్’ భవిష్యత్తు కాదు, పాత బాకీయే. భారత రాజ్యాంగమున అడుగడుగున ఆ మాట కలదు. కౌలుపత్రమున ‘షల్ పే’ అని యున్నచో కౌలుదారుడు ఎప్పుడో చెల్లించునని కాదు, చెల్లించి తీరవలెనని అర్థము. అయినను అక్షరమును మాత్రమే నమ్మి నిశ్చింతగ నుండరాదు. రాజ్యాంగపు 320వ అధికరణమున ఉద్యోగులపై క్రమశిక్షణ చర్యల విషయమున పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను సంప్రదింపవలెనని ‘షల్’తోనే వ్రాయబడినది. ఉత్తరప్రదేశమున అట్లు సరిగా సంప్రదింపని ఒక సందర్భము 1957లో సుప్రీంకోర్టుకు పోగా, ఆ ‘షల్’ మార్గదర్శకమే గాని, తప్పినంత మాత్రమున చర్య చెల్లకపోదని న్యాయస్థానము తీర్పు చెప్పెను. అనగా మాటతో పాటు చట్టముయొక్క ఉద్దేశమును చూతురు.

పల్లెవానికి దీనితో పని యేమియని కొందరు అడుగవచ్చును. భూమి సొమ్ముకై అర్జీ పెట్టుకొన్న ఒక రైతునకు జాబు వచ్చినదనుకొనుడు. అందు ‘ద అమౌంట్ విల్ బి పెయిడ్’ అని యున్నది. ఇంట ఆంగ్లము చదువు పిల్లవాడు ‘డబ్బు ఇస్తారట’ అని చదివి చెప్పును. ఆ మాట మీద రైతు కూతురి పెండ్లికి ముహూర్తము పెట్టించి, వడ్డీకి అప్పు తెచ్చును. జాబులో అసత్యము లేదు. కాని అందు ఇచ్చువాని పేరు లేదు, తేదీ లేదు. ‘షల్ బి పెయిడ్ విథిన్ థర్టీ డేస్’ అని ఉత్తరువు ఉన్నచో అది బాకీ. గడువు దాటిన అడుగుటకు చేత ఆధారముండును. ‘ఈజ్ బీయింగ్ పెయిడ్’ అన్నచో సొమ్ము కదలినది. ‘మే బి పెయిడ్’ అన్నచో ఇచ్చినను ఇయ్యవచ్చును, మానినను మానవచ్చును. ‘విల్ బి కన్సిడర్డ్’ అన్నచో సొమ్ము మాటయే లేదు, ఆలోచింతురని మాత్రమే. తెలుగున ఇవి యన్నియు ‘ఇస్తారట’ అన్న ఒక్క మాటలో మునిగిపోవును.

కాబట్టి జాబు చదివి పెట్టు పిల్లలు ‘ఇస్తారట’ అని ఊరుకొనక, ‘ఇయ్యవలెనని ఉన్నది’, ‘ఇయ్యబోవుచున్నారు’, ‘ఇయ్యవచ్చునని ఉన్నది’, ‘ఆలోచింతురట’ అని విడదీసి పెద్దలకు చెప్పవలెను. తెలుగున ఆ మాటలు లేకపోలేదు. బదులు వ్రాయునప్పుడు ‘ఎవరు, ఏ తేదీకి’ అని ఒక్క పంక్తి చేర్చి అడిగిన, పెండ్లి ముహూర్తము ఆ బదులు వచ్చిన పిదప పెట్టించుకొనవచ్చును.