కొత్త నర్సుకు ఉస్తాదు ఎవరు?

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. నర్సింగు గురించి మాట్లాడడానికి మాకేమి అర్హత అని కొందరికి అనిపించవచ్చును. ఈ ఏడాది నర్సింగు పూర్తి చేసి ముందు వరుసలో కూర్చున్న మన అమ్మాయిలలో కొందరు మా బెంచీల మీద కూర్చుని అలిఫ్ బే దిద్దినవాళ్ళు, ఆ ఒక్క అధికారంతో మాట్లాడుతున్నాం. ఇక ఉర్దూ వదిలి తెలుగులో ఎందుకు చెప్తున్నామంటే, దానికి కారణం ముందుకు పోయిన కొద్దీ మీకే తెలుస్తుంది.

మన ఇండ్లలో నర్సు ఉద్యోగం అనగానే మొదట వచ్చే మాట నైట్ డ్యూటీ, రెండో మాట పెండ్లి సంబంధం. ఇది మన వాళ్ళు చేయదగిన పనేనా అని ఇంకా అడిగేవాళ్ళు ఉన్నారు. వారికి హజ్రత్ రుఫైదా (రజి) పేరు గుర్తు చేస్తే చాలు. క్రీ.శ. 627లో ఖందక్ యుద్ధం జరిగినప్పుడు గాయపడ్డ హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి) గారిని చేర్చినది మదీనా మసీదులోని ఆమె గుడారంలోనే. ఆమె తాను శుశ్రూష చేయడమే గాక తోటి స్త్రీలకు కూడా ఆ పని నేర్పినట్లు చెప్తారు. అంటే ఆమె నర్సు మాత్రమే కాదు, నర్సులకు ఉస్తాదు కూడా. ఈ రెండో సంగతి మనం ఎక్కువగా తలచుకోము. ఈరోజు మేము మాట్లాడదలచినది దాని గురించే.

మా దగ్గర పదో తరగతి దాకా చదివిన ఒక అమ్మాయి ఉన్నది. పేరు చెప్పము. నాలుగేండ్లు బి.ఎస్సీ. నర్సింగు చదివి ఫస్టు క్లాసులో పాసయింది. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేరింది. మూడో వారానికే రాత్రి డ్యూటీ వేశారు. తోడు ఉండవలసిన సీనియరు సెలవు పెట్టింది. పద్నాలుగు మంది రోగులు, ఈ పిల్ల ఒక్కతే. రాత్రి రెండు గంటలకు ఒక పెద్దాయనకు బి.పి. పడిపోయింది. డాక్టరుకు ఫోను చేస్తే కంగారులో ఇంగ్లీషు మాట రాలేదు. ఆయన విసుక్కుని ఫోను పెట్టేశాడు. ఇటు రోగి కొడుకులు మీదికి వచ్చారు. అల్లా దయవల్ల రోగి బతికాడు. తెల్లవారి ఇన్‌ఛార్జి సిస్టరు వచ్చి అడిగినది ఒకే మాట, రిజిస్టరు ఎందుకు పూర్తి చేయలేదు అని. రెండు నెలలకు ఆ అమ్మాయి ఉద్యోగం మానేసింది. ఇప్పుడు ఇంట్లో చిన్నపిల్లలకు ట్యూషను చెప్తున్నది. తండ్రి ఆటో మీద తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు.

అదే బ్యాచిలో మరొక అమ్మాయి. చదువులో ఈమె కంటే ఒక మెట్టు కిందనే ఉండేది. ఆమె చేరిన చోట రిటైరు కాబోతున్న ఒక సిస్టరు ఉండేది. మొదటి రోజే, "నెల దాకా నేను చూడకుండా ఒక్క సెలైను కూడా పెట్టకు. ఏది తెలియకపోయినా సిగ్గు పడకుండా అడుగు" అన్నదట. ఈ అమ్మాయి ఇప్పుడు ఐ.సి.యు.లో పని చేస్తున్నది, కొత్తగా వచ్చినవాళ్ళకు తానే నేర్పుతున్నది. మొదటి అమ్మాయికి దొరకనిది తెలివి కాదు, ఉస్తాదు.

ఇది మన బస్తీ సంగతి మాత్రమే కాదు. అమెరికాలో మార్లిన్ క్రేమర్ అనే నర్సింగు అధ్యాపకురాలు 1974లోనే దీని మీద ఒక పుస్తకం రాసింది. కాలేజీలో నేర్చుకున్న నర్సింగు ఒకటి, వార్డులో కనబడే నర్సింగు మరొకటి, ఆ రెంటి నడుమ పడి కొత్త నర్సులు నలిగిపోయి వృత్తి వదిలేస్తున్నారని ఆమె చూపింది. దానికి వాస్తవం కొట్టిన దెబ్బ అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. పదేండ్ల తరువాత, 1984లో, ప్యాట్రీషియా బెన్నర్ అనే మరొక అధ్యాపకురాలు నర్సు ఎదుగుదలను అయిదు మెట్లుగా విడదీసి చెప్పింది. ఆమె లెక్క ప్రకారం ఒకే రకం వార్డులో రెండు మూడేండ్లు పని చేస్తే గాని నర్సు మూడో మెట్టు, అంటే పని మీద పట్టు వచ్చే మెట్టు, ఎక్కదు. పట్టా చేతికి వచ్చిన నాడే అన్నీ వచ్చేసినట్లు ఆశించడం అన్యాయం. జరీ కార్ఖానాలో శాగిర్దు చేతికి మొదటి రోజే పెండ్లి షేర్వానీ ఇస్తారా? అక్కడ గుడ్డ పాడవుతుంది. ఇక్కడ ప్రాణం.

ఉస్తాదు నేర్పేది ఏమిటని అడగవచ్చు. ఒక ఉదాహరణ చెప్తాము. మన దేశంలో ఇన్సులిన్ రెండు బలాలలో దొరుకుతుంది. ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు ఉండేది ఒకటి, 100 ఉండేది ఒకటి. సిరంజిలు కూడా వేరు, మొదటిదానికి ఎర్ర మూత, రెండోదానికి నారింజ మూత. ఇది పుస్తకంలో ఉన్నది, పరీక్షలో రాస్తారు కూడా. కాని అర్ధరాత్రి, మూడు గంటలు, ఒకవైపు ఒకరు పిలుస్తుంటే మరోవైపు మరొకరు మూలుగుతుంటే చేతిలో ఉన్నది ఏ సిరంజో ఆగి చూసుకునే అలవాటు పుస్తకం ఇవ్వదు. పక్కన నిలబడ్డ మనిషి నెల రోజులు "చూశావా? మళ్ళీ చూడు" అంటే వస్తుంది. పొటాషియం ఇంజక్షను ఎన్నడూ నేరుగా నరంలోకి ఎక్కించరాదన్నదీ అంతే. డాక్టరుకు ఫోను చేసేటప్పుడు రోగి ఎవరు, ఇప్పుడేమయింది, అంతకు ముందు ఏముండేది, నాకేమనిపిస్తున్నది, మీరేం చేయాలి, ఈ వరుసలో చెప్పడం కూడా పక్కన ఎవరైనా ఉండి నాలుగు సార్లు చెప్పిస్తేనే నోటికి వస్తుంది.

నారాయణగూడ ఐ.పి.ఎం. ఇక్కడున్న మా వయసు వాళ్ళందరికీ తెలుసు. మా చిన్నతనంలో కుక్క కరిస్తే అక్కడికే తీసుకుపోయేవారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు. ఏడ్చే పిల్లవాణ్ణి మాటల్లో పెట్టి, వాడికి తెలిసేలోగా సూది తీసేసే సిస్టర్లు ఉండేవారు. ఆ నేర్పు ఏ సిలబసులో ఉన్నది? ఒక చేతి నుంచి మరొక చేతికి రావలసిందే.

ఇప్పుడు భాష సంగతి. ఉర్దూ మీడియం నుంచి వచ్చిన పిల్లకు వార్డులో మూడు భాషలు ఎదురవుతాయి. కేస్ షీటు ఇంగ్లీషు, రోగి తెలుగు, తన ఆలోచన ఉర్దూ. మన ఇండ్లకు దగ్గరలోనే గాంధీ ఆస్పత్రి ఉన్నది, 2003లో సికింద్రాబాదు నుంచి ముషీరాబాదులోని పాత జైలు స్థలానికి వచ్చింది. 2020లో కోవిడ్ రోగులకే దానిని కేటాయించినప్పుడు మన రాష్ట్రమంతా దాని పేరే విన్నది. అక్కడికి నల్లగొండ నుంచి, మహబూబ్‌నగరు నుంచి వచ్చిన ముసలమ్మ "కడుపుల దేవుతున్నది బిడ్డా" అంటే మన అమ్మాయి దేవుడి మాటేదో అనుకుంటే ఎట్లా? వాంతి వచ్చేటట్లున్నదని ఆమె చెప్తున్నది. "దమ్ము ఆడతలేదు" అంటే మాత్రం మన పిల్లకు చప్పున తెలుస్తుంది, దమ్ అన్నది మన ఇంటి మాటే గదా! ఇందుకనే ఈ ప్రసంగం తెలుగులో పెట్టుకున్నాం. తెలుగు రాకపోతే సూది వేయడం రావచ్చును గాని రోగి బాధ తెలియదు.

భాష గోడ కొత్తదేమీ కాదు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వైద్యం కూడా ఉర్దూలోనే చెప్పేవారు, దారుల్ తర్జుమా వారు పుస్తకాలు తర్జుమా చేసి ఇచ్చేవారు. 1948 తరువాత ఆ కాలం పోయింది. ఆ ఉర్దూ కాలంలోనే తెలుగు ఆడపిల్లలకు చదువు ఎట్లా అని ఆలోచించి మాడపాటి హనుమంతరావు గారు 1928లో నారాయణగూడలో తెలుగు బాలికల పాఠశాల పెట్టించారు. ఆనాడు తెలుగు పిల్లలు నిలబడ్డ చోట ఈనాడు మన పిల్లలు నిలబడ్డారు. ఆనాడు ఎవరో పూనుకున్నారు.

ఇక నర్సింగు అధ్యాపకుల విషయం. మన దేశంలో డిగ్రీ స్థాయి నర్సింగు 1946లో ఢిల్లీలోను, వేలూరులోను మొదలయింది. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. పది మంది విద్యార్థులకు ఒక అధ్యాపకురాలు ఉండాలని కౌన్సిల్ నియమం పెట్టింది. బోధనాస్పత్రి వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మిగతా ఆస్పత్రులలో అయిదుగురికి ఒక నర్సు అన్నది కూడా దాని లెక్కే. ముప్పై పడకల వార్డును రాత్రిపూట ఒక్కరో ఇద్దరో చూడడం ఎంత మామూలో ఇక్కడున్న సిస్టర్లకు మేము చెప్పనక్కరలేదు. అంత రద్దీలో ఉన్న సీనియరును కొత్త పిల్లకు నేర్పలేదని తప్పు పట్టడం సులభం. ఆమెకు టైము ఎవరిచ్చారు? నేర్పడం కూడా డ్యూటీయే అని డ్యూటీ చార్టులో రాసినప్పుడు గాని అది జరగదు. నేర్పే సిస్టరుకు ఆ షిఫ్టులో నలుగురు రోగులను తగ్గించాలి. ఈ మాట ఆస్పత్రి యజమానులతో చెప్పవలసినవారు నర్సింగు అధ్యాపకులే అని మా అభిప్రాయం. ఎందుకంటే కాలేజీ భాషా, వార్డు భాషా రెండూ తెలిసినవారు వాళ్ళే.

అధ్యాపకురాలి పని ఫలితాల లిస్టు నోటీసు బోర్డు మీద పెట్టడంతో అయిపోతుందని మేము ఒప్పుకోము. మొదటి సంవత్సరం తన శిష్యురాలు ఏ వార్డులో ఉన్నది, ఒంటరిగా రాత్రి డ్యూటీ పడుతున్నదా, మొదటిసారి రోగి చనిపోయిన రోజు ఆమె అన్నం తిన్నదా లేదా, ఇది కనుక్కోవడం కూడా ఆ పనే. కొన్నాళ్ళు షిఫ్టులో పక్కన ఉండి పని చూపేవారు వేరు, వారిని ప్రిసెప్టర్ అంటారు. ఏండ్ల తరబడి మంచీ చెడూ చెప్పేవారు వేరు. ఇద్దరూ కావాలి.

ఆస్పత్రి గోడ బయట కూడా వాళ్ళ పని ఉన్నది. 2000 ఆగస్టు వానలకు హుస్సేన్ సాగర్ నాలా పొంగి అశోక్‌నగర్, దోమల్‌గూడ ఇండ్లలోకి నీళ్ళు వచ్చిన సంగతి మరిచిపోయినవాళ్ళు ఇక్కడ లేరు. అటువంటి వరద తరువాత వచ్చేది విరేచనాలు. ఓ.ఆర్.ఎస్. పొడి ఎంత నీటిలో కలపాలో ఇంటింటికీ పోయి చెప్పడానికి, అధ్యాపకురాలి వెంట వచ్చే నర్సింగు విద్యార్థినుల కంటే తగినవారెవరు? లోయర్ ట్యాంక్ బండ్ కింది బస్తీలే వాళ్ళకు మంచి తరగతి గది.

తల్లిదండ్రులకు ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం ప్రపంచంలో సుమారు 2 కోట్ల 98 లక్షల నర్సులున్నారు, ఇంకా 58 లక్షల మంది తక్కువ. గల్ఫు, జర్మనీ, జపాను అంటూ ఆశ చూపేవారు మీ ఇంటికి వస్తారు. పోవద్దని మేము అనము. మొదటి రెండేండ్లు ఇక్కడ మంచి వార్డులో గడిచిన తరువాత పొండి అంటాము. కాలేజీలో చేర్పించేటప్పుడు బిల్డింగు చూడకండి, పిల్లలు పని నేర్చే ఆస్పత్రిలో పడకల మీద రోగులున్నారా అని చూడండి. నైట్ డ్యూటీ చేసి వచ్చిన పిల్లను పొద్దున రొట్టెలు చేయమనకండి, నిద్రపోనివ్వండి. అత్తగార్లకూ ఇదే మనవి.

చివరగా సంఘం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాం. మన స్కాలర్‌షిప్పు ఆఖరి పరీక్షతో ఆగిపోతున్నది. అందులో కొంత భాగం ఉద్యోగం మొదటి సంవత్సరానికి మిగల్చండి. చేతికి వచ్చే జీతం చిన్నది, రాత్రి డ్యూటీకి పోయే ఆటో ఖర్చుకైనా పనికి వస్తుంది. రెండోది, నెలకు ఒక ఆదివారం అసర్ నమాజు తరువాత సంఘం గదిలో కొత్త నర్సులు, పాత సిస్టర్లు కూర్చోవాలి. తెలుగు మాటలు నేర్పే పని మేము చూసుకుంటాం. మతం, బస్తీ తేడా లేకుండా చిక్కడపల్లిలో, నారాయణగూడలో రిటైరైన సిస్టర్లు చాలామంది ఉన్నారు, అడిగితే కాదనరు. ఇప్పటికే ముగ్గురు ఒప్పుకున్నారు.

సభలో ఉన్న సిస్టర్లు భోజనాలకు లేచేలోపు కార్యదర్శి గారి దగ్గరి రిజిస్టరులో తమ పేరు రాయించగలరు. ఏ వార్డులో ఎన్నేండ్లు పని చేశారు, ఏ ఆదివారం వీలవుతుంది, ఫోను నంబరు, ఈ మూడు రాస్తే చాలు.