సభ్యుల పత్రిక నుండి మన గోడపత్రిక వరకు



ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయురాలు పాఠశాల చరిత్ర చెప్పుట ఆనవాయితీ. ఆ పనిని నాకన్న సమర్థులైన విశ్రాంత ఉపాధ్యాయులు నిర్వహించారు కనుక, ప్రతి సోమవారం మన నడవాలో గోడకు అతికించే ఒక కాగితాన్ని గురించి మాత్రమే మాట్లాడదలచాను.

దాని మూలం అమెరికాలో ఉన్నది. అక్కడ 1919లో అమెరికన్ జియోఫిజికల్ యూనియన్ అను శాస్త్రసంఘం ఏర్పడినది. భూకంపాలు, సముద్రాలు, వాతావరణం, గ్రహాలు, అంతరిక్షం దాని పరిధిలోనివి. ఆ సంఘం తన సభ్యుల కొరకు నడిపిన పత్రిక పేరు ‘ఈయోస్’. అది గ్రీకుల ప్రభాతదేవత పేరు. వేదాలలోని ఉషస్సు, ఈ ఈయోస్ ఒకే మూలం నుండి పుట్టిన మాటలని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. (మన తెలుగు పండితులు తల ఊపుతున్నారు, సంతోషం.)

1979 నుండి 2014 వరకు అది వార్తాపత్రిక రూపంలో వారం వారం వెలువడేది. పరిశోధనా వ్యాసాలతోపాటు సమావేశ విశేషాలు, గ్రంథసమీక్షలు, ఉద్యోగ ప్రకటనలు కూడా అందులో ఉండేవి. చదవాలంటే సభ్యులై ఉండవలెను, లేదా తెప్పించే గ్రంథాలయం అందుబాటులో ఉండవలెను. నేను బి.ఇడి. ముగించిన 1990వ దశకంలో మన ఊళ్లలో ఒక ఉపాధ్యాయుడు డాలర్లలో రుసుము చెల్లించుటే ఒక ప్రహసనం. 2015 నుండి ఆ పత్రికను అంతర్జాలంలో ఎవరైనా ఉచితంగా చదువవచ్చును. రుసుము అడ్డు తొలగినది. భాష అడ్డు మాత్రం తొలగలేదు. కొన్ని వ్యాసాలను వారు స్పానిష్‌లోకి అనువదిస్తున్నారు. తెలుగు పని మనమే చేసుకోవలెను.

మన విధానం సులువైనది. విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయిని వారానికొక వ్యాసం చదివి, సారాంశాన్ని తొమ్మిదవ తరగతికి నోటిమాటగా చెబుతారు. పిల్లలు తమ మాటలలో అరపేజీ వ్రాస్తారు. అక్షరమక్షరం అనువదించి అచ్చువేయుటకు అనుమతి కావలెను గాని, చదివి గ్రహించినది సొంత మాటలలో చెప్పుటకు అక్కరలేదు. పైగా చదువు వచ్చేది కూడా ఈ పద్ధతిలోనే.

ఒకసారి ధ్రువప్రాంతాల ‘పర్మాఫ్రాస్ట్’ గురించి వ్రాయవలసి వచ్చినది. ఒక బాలిక దానిని ‘ఎన్నడూ కరగని నేల’ అని తెలుగు చేసినది. తరువాతి వాక్యం ‘ఎన్నడూ కరగని నేల ఇప్పుడు కరుగుచున్నది’ అని వచ్చేసరికి తరగతి అంతా ఒకటే నవ్వు. అప్పుడు నిర్వచనం వెదికారు: కనీసం రెండేళ్లపాటు ఎడతెగక 0 డిగ్రీల సెల్సియస్ వద్దగాని, అంతకు దిగువనగాని ఉన్న నేల. శాశ్వతమనునది పేరులోనే ఉన్నదని తేలినది. ఇంగ్లీషు మాటనే బట్టీపట్టియుంటే ఆ సందేహం వచ్చేదే కాదు.

తుపానుల వారం మరొక విధంగా గడిచినది. గంజాం తీరాన ఉన్న మనకు ఆ విషయం క్రొత్త కాదు. 1999 అక్టోబరు 29 నాటి పెనుతుపానులో ఒడిశాలో దాదాపు 10,000 మంది మరణించారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మన గోపాలపురం సమీపంలోనే తీరం దాటినప్పుడు మృతులు పదుల సంఖ్యలోనే ఉన్నారు. ముందస్తు సూచన అంది, లక్షలాది జనాన్ని తరలించుటే కారణం. సముద్రజలం సుమారు 26.5 డిగ్రీలకు మించి వేడెక్కి, ఆ వేడి పైపొరకే గాక కొంత లోతువరకు ఉంటే తుపాను బలపడుతుందని పిల్లలు వ్రాశారు. గోపాలపురం జాలరిపేట బాలుడొకడు దానిని ఇంట్లో చదివి వినిపించగా, వాళ్ల తాత, “పైనీరు కాదురా, అడుగునీరు కూడా ఎచ్చగుంటేనే బయ్యం” అన్నాడట. మరుసటి సోమవారం ఆ మాటను కూడా యథాతథంగా గోడకు అతికించాము.

పూర్వ విద్యార్థులలో ఇంజనీర్లు, అధ్యాపకులు, వాతావరణ శాఖలో పనిచేసినవారు ఉన్నారు. నెలకొక వ్యాసం చదివి అరపేజీ తెలుగు వ్రాసి పంపగలవారు సభానంతరం కార్యాలయంలో తమ పేర్లు ఇవ్వగోరుచున్నాను. వ్రాత పిల్లలకు అర్థం కాకపోతే, వారే ఎర్రసిరాతో ప్రశ్నలు వేసి తిప్పి పంపుతారు.