హుకుం, హకీం: ఒక ధాతువు సంతానం

హుకుం అంటే పైవాడి ఆజ్ఞ. హైదరాబాదు పాతబస్తీలో హకీం అంటే నాడి చూసి యునానీ మందిచ్చే వైద్యుడు. ఈ రెండు మాటలూ తోబుట్టువులన్న సంగతి తెలుగు చెవికి తట్టదు. అరబ్బీ వచ్చినవాడికి వినగానే తెలుస్తుంది: రెండింటిలోనూ ఉన్నవి హ, క, మ అనే మూడు హల్లులే. అరబ్బీలో ధాతువంటే ఆ హల్లుల చట్రమే. అచ్చులు మారుస్తూ, అవసరమైన చోట అక్షరాలు చేరుస్తూ మాటలు పుట్టిస్తారు.

హుక్మ్ అంటే తీర్పు. అది చెప్పేవాడు హాకిం, చెప్పే చోటు మహకమ. ఉర్దూలో ఈ చివరి మాట ప్రభుత్వ శాఖకు పేరయింది. హిక్మ అంటే వివేకం, అది కలవాడు హకీం. వైద్యమూ తత్త్వశాస్త్రమూ ఒకే పండితుడి చేతిలో ఉన్న కాలంలో ఆ బిరుదు వైద్యుడికి స్థిరపడింది. హాకింకూ హకీంకూ తేడా దీర్ఘం ఉన్న చోటే! దీర్ఘం అటు జరిగితే అధికారి, ఇటు జరిగితే జ్ఞాని.

మరి తీర్పుకూ వివేకానికీ పొత్తు ఎక్కడ కుదిరింది? పదో శతాబ్దపు నిఘంటుకారుడు ఇబ్న్ ఫారిస్ ఈ ధాతువుకు ఒక్కటే మూలార్థం చెప్పాడు: అడ్డుకోవడం. గుర్రపు కళ్లెంలో దవడను పట్టి ఉంచే భాగం పేరు హకమ. తీర్పు అన్యాయాన్ని ఆపుతుంది, వివేకం అజ్ఞానాన్ని ఆపుతుంది అని ఆయన వివరణ.

ఎంత అందంగా ఉన్నా ఈ వివరణను పూర్తిగా నమ్మలేం. అరబ్బీకి సోదరభాష అయిన హీబ్రూలో ఇదే ధాతువు వివేకాన్ని చెబుతుంది. అంతకన్నా పాతదైన అక్కాదియన్‌లో ‘ఖకాము’ అంటే తెలుసుకోవడం. అక్కడ కళ్లెం జాడ లేదు. తెలుసుకోవడమే పాత అర్థం కావచ్చు. తెలిసినవాడే తగవు తీర్చాడు కాబట్టి తీర్పు తరువాత వచ్చి ఉండవచ్చు. ధాతువు చుట్టరికాన్ని చూపిస్తుంది. అర్థాన్ని తేల్చేది మాత్రం వాడుకే.

ఆ వాడుక మీద చరిత్రలో నెత్తురు కూడా పారింది. 657లో యూఫ్రటీస్ ఒడ్డున సిఫ్ఫీన్ యుద్ధం ఆగి, ఖలీఫా అలీ, సిరియా పాలకుడు ముఆవియాల తగవు ఇద్దరు మధ్యవర్తుల ముందుకు వెళ్లింది. ఆ మధ్యవర్తిత్వం పేరు తహకీం. అలీ పక్షంలోనే కొందరు తిరగబడ్డారు. హుక్మ్ దేవుడిదేనని, మనుషులను తీర్పరులుగా పెట్టడం పాపమని నినదించారు. మాట నిజమే గానీ దాని వెనుక ఉద్దేశం తప్పని అలీ బదులిచ్చినట్లు చరిత్రకారులు రాశారు. మరుసటి ఏడు నహ్రవాన్ దగ్గర అలీ సేనకూ వారికీ యుద్ధం జరిగింది. ఆ నినాదాన్ని బట్టే వారికి ‘ముహక్కిమ’ అన్న పేరు వచ్చింది. అదీ హ, క, మ సంతానమే.