అద్దాల మేడలో మన లెక్క ఎంత?

(ఒక మండల కేంద్రంలోని అంబేద్కర్ భవనంలో జరిగిన సభలో, హైదరాబాద్ కంపెనీల్లో పనిచేస్తున్న దళిత ఉద్యోగులూ వాళ్ళతో కలిసి తిరిగే కార్యకర్తల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని అమెరికా కంపెనీల కొలువుల గురించి మాట్లాడమన్నారు. కూలిరేట్లు, శ్మశానం జాగా, హాస్టల్ అన్నం వదిలిపెట్టి ఇదేం ముచ్చట అని వెనక కూర్చున్న పెద్దాయన అనుకుంటూ వుండొచ్చు. సంగతేమిటంటే, ఇవాళ మన వాడల్లో ఏ ఇంట్లో ట్రంకుపెట్టె తెరిచినా బట్టల కింద ఒక బి.టెక్. సర్టిఫికెట్ దొరుకుతోంది. అమ్మ నాట్లేసి, నాన్న మేస్త్రీ కింద కూలికి పోయి, ఫీజు రీయింబర్స్‌మెంటు తోడై చదివించిన చదువది. ఆ సర్టిఫికెట్ పట్టుకుని పిల్లవాడు మాదాపూర్, గచ్చిబౌలి పోతున్నాడు. అక్కడ ఏం జరుగుతోందో ఇంటికొచ్చి చెప్పడు. అడిగితే "బాగానే వుందమ్మా" అంటాడు. అందుకని మేం చెప్పడానికి వచ్చాం.

మన తాతలు దొరల దగ్గర జీతం వున్నారు. జీతం వుండడమంటే తెల్లారకముందే పశువుల కొట్టం, పొద్దుగూకినాక కూడా దొర పని, ఏడాది తిరిగితే ఇన్ని బస్తాల వడ్లు. ఇప్పుడు మనవడు కూడా జీతానికే వున్నాడు. మాట ఒకటే, బతుకు వేరు. మనవడి జీతం నెలనెలా బ్యాంకులో పడుతుంది. గేటు దగ్గర చెప్పులు విప్పమనేవాడు లేడు. దీన్ని తక్కువచేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కొందరు పెద్దకులాల విప్లవకారులు "బహుళజాతి కంపెనీల బానిసత్వం" అని మనకు పాఠాలు చెబుతుంటారు. వాళ్ళ పిల్లలు ఏ కంపెనీలో వున్నారో ఒకసారి అడిగి చూడండి. మేం పోవద్దని చెప్పడం లేదు. పొండి. కానీ లోపల మనవాళ్ళు ఎంతమంది, ఎక్కడ నిలబెట్టారు అనే లెక్క అడుగుతూ పొండి.

ముందు ఈ బ్రాంచి అంటే ఏమిటో తెలుసుకోవాలి. 1998లో మైక్రోసాఫ్ట్ హైదరాబాదులో తన అభివృద్ధి కేంద్రం పెట్టింది. ఆ ఏడాది నవంబరులోనే సైబర్ టవర్స్ ప్రారంభమైంది. తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చారు. 2019 ఆగస్టులో నానక్‌రామ్‌గూడలో అమెజాన్ తన భవనం తెరిచింది. తొమ్మిదిన్నర ఎకరాలు, 15,000 మంది కూర్చునే చోటు. ప్రపంచం మొత్తంలో తనకున్న భవనాల్లో అదే పెద్దదని ఆ కంపెనీయే చెప్పుకుంది.

పేరు అమెరికాది గాని, గచ్చిబౌలిలో వున్నది అమెరికా కాదు. మామూలుగా వీళ్ళు చేసేదేమిటంటే, మన దేశపు కంపెనీల చట్టం కింద ఇక్కడ ఒక ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ రిజిస్టరు చేయిస్తారు. వాటాలు దాదాపు అన్నీ అక్కడివాళ్ళ చేతిలోనే వుంటాయి. ఇక్కడైన ఖర్చుకు కొంత శాతం కలిపి అక్కడినుంచి డబ్బు పంపుతారు. అంటే ఈ బ్రాంచికి గిరాకీ వెతుక్కునే బాధ లేదు. దాని గిరాకీ దాని యజమానే. అక్కడ ఒక ఇంజనీరుకు ఇచ్చే దాంట్లో కొంత ఇస్తే ఇక్కడ అదే పని అయిపోతుంది గనక వచ్చారు, మన మీద ప్రేమతో కాదు. కాలిఫోర్నియాకూ మనకూ పన్నెండున్నర గంటల తేడా, చలికాలం పదమూడున్నర. వాళ్ళు పొద్దున కాఫీ తాగుతూ మీటింగు పెడితే మనవాడు రాత్రి తొమ్మిదింటికి అన్నం కంచం పక్కన పెట్టి కూర్చుంటాడు. నిర్ణయం అక్కడ, పని ఇక్కడ. 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని, మైక్రోసాఫ్ట్ 10,000 మందిని ప్రపంచవ్యాప్తంగా తీసేస్తామన్నాయి. ఆ నిర్ణయం గచ్చిబౌలిలో జరగలేదు.

ఇప్పుడు అసలు ముచ్చటకు వద్దాం. ఈ మేడలోకి పోవడానికి రెండు రకాల బ్యాడ్జీలున్నాయి. ఒకటి కంపెనీ ఉద్యోగిది. రెండోది కాంట్రాక్టు మనిషిది. రెండో బ్యాడ్జీ మెడలో వున్నవాళ్ళను చూడండి. నేల తుడిచే అక్క, లెట్రిన్లు కడిగే తమ్ముడు, గేటు దగ్గర సెక్యూరిటీ, క్యాంటీన్‌లో గిన్నెలు తోమే పెద్దమ్మ, రాత్రి రెండింటికి క్యాబ్ నడిపే అన్న. మహబూబ్‌నగర్ నుంచి, నల్లగొండ నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ కులం చెప్పడానికి సర్వే అక్కర్లేదు, ఆ పొద్దు డ్యూటీలో వున్నవాళ్ళ పేర్లు చదివితే చాలు. అమెరికా కంపెనీ నేల కూడా మనమే తుడవాలని ఏ అమెరికావాడూ రాయలేదు. అది ఇక్కడి రాత. వాళ్ళను అడిగితే "వీళ్ళు మా ఉద్యోగులు కారు, కాంట్రాక్టరు మనుషులు" అంటారు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు యజమానే కట్టాలని 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనే వుండేది, 2020 కోడ్‌లో కూడా ఆ బాధ్యత వుంది. ఈ మాట మన అక్కలకు ఎవరూ చెప్పరు.

మొదటి బ్యాడ్జీ సంగతి వేరు. అది రావాలంటే పెద్దపేరున్న కాలేజీలో చదివి వుండాలి, లేకపోతే లోపలివాడెవడో నీ పేరు చెప్పాలి. దీన్ని రెఫరల్ అంటారు. పేరు చెప్పినవాడికి, ఉద్యోగం వస్తే కంపెనీ బహుమానం కూడా ఇస్తుంది. ఎవడి పేరు చెబుతాడు? తన వీధివాడిది, తన బావమరిదిది, తన కులం హాస్టల్లో పక్కమంచం వాడిది. ఇందులో ఎవడూ ఎవడినీ తిట్టలేదు, కొట్టలేదు. ఊరి బావి దగ్గర తాడు లాగేసుకున్నట్టు కూడా కనబడదు. కానీ మన వాడలో ఒక్కడూ లోపల లేనప్పుడు మన పిల్లవాడి పేరు చెప్పేదెవరు?

ఇది మా అనుమానం కాదు. 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ ఒక పరిశోధన అచ్చువేశారు. పేపర్లో పడ్డ ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలకు ఒకే చదువు, ఒకే అనుభవం వున్న దరఖాస్తులు పంపారు. మార్చింది పేరు మాత్రమే. ఒకదాని మీద పెద్దకులం ఇంటిపేరు, ఒకదాని మీద దళితుల ఇంటిపేరు, ఒకదాని మీద ముస్లిం పేరు. దళితుల పేరున్న దరఖాస్తుకు పిలుపొచ్చే అవకాశం పెద్దకులం పేరుతో పోలిస్తే మూడింట రెండొంతులే అని తేలింది. ముస్లిం పేరుకు మూడోవంతే. అదే ఏడాది సురిందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ పెద్ద కంపెనీల్లో మనుషుల్ని ఎంపికచేసే అధికారులతో మాట్లాడారు. అందరూ మెరిట్ ఒక్కటే చూస్తామన్నారు. వెంటనే "కుటుంబ నేపథ్యం కూడా చూస్తాం" అన్నారు. నేపథ్యం అంటే ఏమిటో మనకు వేరే చెప్పాలా? "నాన్నగారు ఏం చేస్తారు?" అని అడుగుతారు. మన పిల్లవాడు "వ్యవసాయం" అంటాడు. "ఎన్నెకరాలు?" అని రెండో ప్రశ్న వస్తుంది.

లోపలికి పోయాక ప్రశ్నల తీరు మారుతుంది. ఊళ్ళో అయితే సూటిగా "మీరేంట్లు?" అని అడుగుతారు. అద్దాల మేడలో ఆ మాట మోటు. అందుకని "ఎంసెట్‌లో మీ ర్యాంకెంత?" అంటారు. ర్యాంకు చెప్పి, కాలేజీ పేరు చెబితే ఎదుటివాడు లోపల లెక్క కట్టేసుకుంటాడు. ఇంటిపేరేమిటి, మీ ఊళ్ళో ఇల్లు ఏ పక్క, కూరేం తెచ్చుకున్నావు, ఇవన్నీ అదే ప్రశ్న. మాలో ఒక తమ్ముడు అద్దె గది కోసం కొండాపూర్‌లో తిరిగి తిరిగి చివరికి ఇంటిపేరు మార్చి చెప్పాడు. ఇంకో చెల్లెలు ఏప్రిల్ 14న ఫోన్లో బాబాసాహెబ్ బొమ్మ పెట్టుకుని మధ్యాహ్నానికి తీసేసింది. ఎవరూ ఏమీ అనలేదు, పక్కసీటు ఆమె చూసి ఊరుకుంది, అంతే. ఆ ఊరుకోవడంలో ఏముందో మీకు తెలుసు.

ఇది అమెరికా దాకా పోయింది. 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వపు పౌరహక్కుల శాఖ సిస్కో అనే కంపెనీ మీద దావా వేసింది. శాన్‌హోజేలోని దాని ఆఫీసులో ఒక దళిత ఇంజనీరు వున్నాడు, ఐ.ఐ.టి.లో చదివినవాడు. ఇతను రిజర్వేషన్‌లో సీటు తెచ్చుకున్నాడని పైఅధికారి తోటివాళ్ళకు చెప్పాడనీ, ఫిర్యాదు చేస్తే కులవివక్ష చట్టవిరుద్ధం కాదని కంపెనీ విచారణవాళ్ళు అన్నారనీ, పని తగ్గించి పక్కన కూర్చోబెట్టారనీ ఆ దావాలో వుంది. ఆ పైఅధికారులూ మన దేశం వాళ్ళే. కంపెనీ ఈ ఆరోపణలు ఒప్పుకోలేదు. 2023 ఏప్రిల్‌లో ఇద్దరు ఇంజనీర్ల మీద కేసును ప్రభుత్వమే వెనక్కు తీసుకుంది, కంపెనీ మీద మాత్రం వుంచింది. గెలుపోటముల మాట పక్కన పెట్టండి. ఏడు సముద్రాలు దాటినా ర్యాంకు ప్రశ్న వెంటపోయిందని ప్రపంచం మొదటిసారి కాగితం మీద చదివింది.

ఆ తర్వాత కొన్ని కదిలాయి. ఆపిల్ కంపెనీ తన ఉద్యోగుల నియమావళిలో కులం మాట చేర్చిందని 2022లో బయటికొచ్చింది. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగరసభ కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది, అమెరికాలో అలా చేసిన మొదటి ఊరు అదే. కాలిఫోర్నియా శాసనసభ కూడా బిల్లు పాస్ చేస్తే, వున్న చట్టాలు చాలని 2023 అక్టోబరులో గవర్నరు తిప్పిపంపాడు. బిల్లు వద్దని గట్టిగా అరిచిన వాళ్ళలో మన దేశం నుంచి పోయిన పెద్దకులాల సంఘాలున్నాయి. మన దగ్గర కులం ఎక్కడుందండీ అనేవాళ్ళు, అక్కడ కులం మాట చట్టంలో రాస్తామంటే ఎందుకంత ఉలిక్కిపడ్డారో!

సియాటిల్ ఎవరి ఊరు? అమెజాన్ పెద్దాఫీసు వున్న ఊరు. మైక్రోసాఫ్ట్ దాని పొరుగునే. సియాటిల్‌లో పనిచేసే ఇంజనీరు, నన్ను కులం పేరుతో తొక్కుతున్నారని నగరపాలక సంస్థకు ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఆ ఊరి కంపెనీల పెద్ద బ్రాంచీలున్న హైదరాబాదులో మనవాడు ఎవరికివ్వాలి? మనకు 1955 పౌరహక్కుల రక్షణ చట్టం వుంది, 1989 అత్యాచారాల నిరోధక చట్టం వుంది. రెండింటిలోనూ ఉద్యోగం మాట వుంది. కానీ అవి పోలీస్ స్టేషన్ చట్టాలు. కులం పేరుతో తిడితే నలుగురి కళ్ళముందు తిట్టాడని చూపాలి. రెఫరల్ ఇవ్వనివాడి మీద, ప్రమోషన్ లిస్టులో పేరు కొట్టేసినవాడి మీద ఎఫ్.ఐ.ఆర్. ఎలా రాయిస్తాం? రాజ్యాంగం 16(4) ప్రభుత్వ కొలువుల గేటు దగ్గరే ఆగిపోయింది. వర్గీకరణ మీద మాదిగలు ముప్పై ఏళ్ళు కొట్లాడితే 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది, ఆ న్యాయం కూడా అదే గేటు దగ్గర ఆగిపోయింది. అద్దాల మేడలో మాలకు ఎంత, మాదిగకు ఎంత అని పంచుకోవడానికి అసలు కుండే లేదు.

ఇప్పుడు మేం అడిగేది పెద్ద కోరిక కాదు. అమెరికాలో ఉద్యమం చేసి నల్లవాళ్ళు 1964లో పౌరహక్కుల చట్టం తెచ్చుకున్నారు. దాని వెంటే, 1966 నుంచి, పెద్ద ప్రైవేటు కంపెనీలు తమ దగ్గర ఏ జాతివాళ్ళు ఎంతమంది, ఏ హోదాలో వున్నారో ఏటా ప్రభుత్వానికి లెక్క చెప్పాల్సి వచ్చింది. ఈ కంపెనీలు అక్కడ దశాబ్దాలు ఆ లెక్క చెప్పాయి. అదే కంపెనీ విమానం దిగి శంషాబాద్‌కు రాగానే లెక్క మరిచిపోతుందా? ఏ సీట్లో ఎవడు ఎన్ని గంటలు కూర్చున్నాడో బ్యాడ్జీ చూసి చెప్పే కంపెనీకి, తన దగ్గర ఎస్సీలు ఎంతమందో తెలియదంటే నమ్మాలా? 2006లో పరిశ్రమల సంఘాలు, రిజర్వేషన్ వద్దు, స్వచ్ఛందంగా మేమే చేస్తామని నియమాలు రాసుకున్నాయి. ఇరవై ఏళ్ళు కావస్తోంది. ప్రైవేటువాళ్ళకు షరతు పెట్టకూడదని ప్రభుత్వాలు అంటాయి. 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరిశ్రమల్లో 75 శాతం కొలువులు స్థానికులకే అని చట్టం చేసింది మరి. అమలు సంగతి అటుంచండి, తలుచుకుంటే షరతు రాయొచ్చని తేలింది గదా. భూమిలో, కరెంటులో, రిజిస్ట్రేషన్ ఖర్చులో రాయితీ ఇచ్చే కాగితం మీదే "కులాలవారీ లెక్క ఏటా ఇవ్వాలి, కాంట్రాక్టు వాళ్ళది కూడా" అని ఒక వాక్యం రాయమంటున్నాం. పదిమంది పనిచేసే ప్రతిచోటా ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపులు విచారించే కమిటీ వుండాలని, అందులో బయటి మనిషి కూడా వుండాలని 2013 చట్టం పెట్టింది. కులానికి అలాంటి కమిటీ ఎందుకు వుండకూడదు? అమెరికా నియమావళిలో కులం మాట రాసుకున్న కంపెనీని, ఆ పేజీ హైదరాబాదు గోడకు కూడా అంటించమంటున్నాం.

ఇది ప్రభుత్వానికి చెప్పాలన్నా, కంపెనీకి చెప్పాలన్నా మన చేతిలో ముందు మన లెక్క వుండాలి. అదిగో, తలుపు పక్క బల్లమీద నోటుబుక్కు పెట్టాం. మీ ఇంట్లో ఎవరు ఏం చదివారు, ఏ కంపెనీకి పోయారు, ఇంటర్వ్యూలో ఏమడిగారు, తీసుకున్నారా లేదా రాయండి. పేరు బయటపడుతుందని భయముంటే ఊరి పేరు చాలు. కాంట్రాక్టు పనిలో వున్న అక్కల జీతం చీటీ, పి.ఎఫ్. చీటీ వుంటే నకలు ఇవ్వండి, చీటీయే ఇవ్వకపోతే ఇవ్వలేదని రాయండి. రాయడం రానివాళ్ళకు బల్ల దగ్గర కూర్చున్న చెల్లెలు రాసిపెడుతుంది. భోజనాలకు ముందే రాసేయండి, తర్వాత అందరికీ బస్సు తొందర వుంటుంది.