పేరు మార్చుకోమనే కొలువులు



నా తొలి ఉద్యోగంలో నా పేరుకు నోరు తిరగటం లేదన్నారు. ‘రాజు’ అని పిలవసాగారు. ఆప్యాయతే కదా అనుకొని నేనూ నవ్వి ఊరుకున్నాను. ఒకనాడు అబ్బాను ఆసుపత్రిలో చేర్చామని చెప్పటానికి అమ్మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే, ఆ పేరుగలవారెవరూ ఇక్కడ లేరని జవాబిచ్చారట. వారు అబద్ధమాడలేదు, ఫోనెత్తిన మనిషికి నా పేరు నిజంగానే తెలియదు. అందులో సగం తప్పు నాది.

చేరిన తరువాత పేరు పోగొట్టుకోవటం ఒక ఎత్తు. పేరు చూసి గడప తొక్కనీయకపోవటం మరొక ఎత్తు. సుఖదేవ్ థోరాట్, పాల్ అటివెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం చూడండి. ప్రైవేటు సంస్థల ప్రకటనలకు సమానమైన అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపారు. అగ్రవర్ణ హిందువు పేరుతో పోలిస్తే ముస్లిం పేరుకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడోవంతేనని తేలింది. అక్కడ గడ్డం లేదు, హిజాబ్ లేదు, జుమా నమాజుకు గంటసేపు అనుమతి అడిగినవారూ లేరు. కాగితంమీద పేరొక్కటే ఉంది.

మరి చట్టం లేదా అంటారు. రాజ్యాంగంలోని 16వ అధికరణం మతం కారణంగా వివక్ష చూపరాదన్నది ప్రభుత్వోద్యోగాల విషయంలోనే. అక్కడా అన్నిటికీ రక్షణ లేదు. వైమానిక దళంలో గడ్డం పెంచుకొన్న ముస్లిం ఉద్యోగి వ్యాజ్యంలో 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు దళం నిబంధననే సమర్థించింది. ఇక ప్రైవేటు యజమానిని మతవివక్షపై నిలదీయటానికి సమగ్రమైన చట్టమే మనకు లేదు. సచార్ కమిటీ 2006లో సిఫారసు చేసిన సమాన అవకాశాల కమిషన్ కాగితాలమీదే ఉంది.

అమెరికాలో 1964 నాటి పౌరహక్కుల చట్టం ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుంది. తలగుడ్డ కట్టుకొని బట్టల దుకాణంలో ఉద్యోగానికి వెళ్ళిన ముస్లిం యువతిని తిరస్కరించి, అది తన మతాచారమని ఆమె చెప్పలేదు కదా అని ఆ సంస్థ వాదించింది. ఆమె చెప్పిందా లేదా అన్నది కాదు, మీరు ఏ ఉద్దేశంతో కాదన్నారన్నదే ప్రశ్న అని 2015లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. మనం అడగవలసింది ఇటువంటి చట్టాన్నే. అంతవరకు మన యువతీయువకులు ఎవరు, ఏనాడు, ఏమన్నారో రాసిపెట్టుకోవాలి. నోటిమాటగా వచ్చిన ఆంక్షను రాతపూర్వకంగా ఇమ్మని మర్యాదగా అడగాలి.

అబ్బా కోలుకొన్నాక నేను ఆఫీసుకు వెళ్ళి, పూర్తి పేరు రాసిన చెక్కముక్కను బల్లమీద పెట్టుకొన్నాను. ‘రాజు’ అంటే పలకటం మానేశాను. పదిహేను రోజులు పట్టింది.