అక్కకి పదకొండు నెలలు ఎక్కువయ్యాయి: ఎఫ్4 వీసాలో పిల్లల వయసు లెక్క

చాలా రోజుల నుంచి కామెంట్స్‌లో ఒకటే అడుగుతున్నారు. "మా మామయ్య అమ్మకి ఎప్పుడో ఫైల్ చేశాడు, మాకు కూడా వస్తుందా?" అని. "మా పెదనాన్న నాన్నకి వేశాడు, నాకిప్పుడు 22, నేను పోతానా?" అని. అందుకే ఈ రోజు మా ఇంట్లో జరిగిందే చెప్తాను. నేను లాయర్‌ని కాదు. ఈ లైన్లో పద్దెనిమిదేళ్ళకి పైగా నిలబడ్డ ఇంట్లో పెరిగిన పిల్లని, అంతే.

మాది హన్మకొండ. అమ్మ వాళ్ళ అన్నయ్య, అంటే మా పెద్ద మామయ్య, అమెరికాలో సిటిజన్. 2006 ఫిబ్రవరిలో ఆయన అమ్మ పేరు మీద ఐ-130 పిటిషన్ వేశాడు. అమెరికన్ సిటిజన్ తన తోబుట్టువులకి వేసే ఈ కేటగిరీని ఎఫ్4 అంటారు. తోబుట్టువుతో పాటు భర్త లేదా భార్య, 21 ఏళ్ళ లోపు పెళ్ళికాని పిల్లలు కూడా వెళ్ళొచ్చు. అప్పుడు అక్కకి ఏడేళ్ళు, నాకు ఐదేళ్ళు. తమ్ముడు ఇంకా పుట్టలేదు.

మామయ్య ఫోన్ చేసి "వేసేశాను చెల్లీ, ఇక పిల్లల చదువులు ఇక్కడే" అన్నాడట. అమ్మ ఆ రోజు పాయసం చేసింది. అది నాకు గుర్తుంది, ఎందుకో మాత్రం తర్వాతెప్పుడో తెలిసింది.

సరే, అంత ఆలస్యం ఎందుకు అవుతుంది? ఇక్కడ చాలామంది కన్ఫ్యూజ్ అవుతారు. పిటిషన్ అప్రూవ్ అవ్వడం వేరు, వీసా నంబర్ దొరకడం వేరు. ఎఫ్4కి ప్రపంచం మొత్తానికి ఏడాదికి సుమారు 65,000 వీసాలు. అందులో ఒక్కో దేశానికి 7 శాతం లిమిట్. మన దగ్గర లైన్ పెద్దది, తలుపు చిన్నది. ఎవరి టర్న్ వచ్చిందో అమెరికా విదేశాంగ శాఖ ప్రతి నెలా వీసా బులెటిన్‌లో చెప్తుంది. 2025 బులెటిన్లు తీసి చూడండి, ఇండియా ఎఫ్4లో టర్న్ వచ్చింది 2006లో వేసిన వాళ్ళకి. అంటే ఈ రోజు వేస్తే ఎప్పుడో మీరే ఊహించుకోండి.

మా పిటిషన్ 2010 జూన్‌లో అప్రూవ్ అయ్యింది. నాలుగేళ్ళ నాలుగు నెలలు పట్టింది. అప్పట్లో మామయ్య తెగ తిట్టుకున్నాడు, ఇంత లేటా అని. ఆ లేటే తర్వాత నన్ను కాపాడింది. ఎలాగో చెప్తాను, స్కిప్ చెయ్యకండి.

పిల్లలకి 21 దాటితే "ఏజ్ అవుట్" అంటారు. అమ్మానాన్నల కేసులోంచి వాళ్ళ పేరు పోతుంది. ఇది అన్యాయం అని 2002లో ఒక చట్టం తెచ్చారు, చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ యాక్ట్. షార్ట్‌గా సీఎస్‌పీఏ. లెక్క చాలా సింపుల్. బులెటిన్‌లో మీ టర్న్ వచ్చిన నెల ఒకటో తారీఖుకి మీ వయసెంతో చూడండి. అందులోంచి పిటిషన్ వేసిన రోజు నుంచి అప్రూవ్ అయిన రోజు దాకా ఎన్ని రోజులో అవి తీసెయ్యండి. మిగిలింది 21 లోపు ఉంటే, మీరు ఇంకా "పిల్లలే".

ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. ఇందులో రెండు ఎదురుచూపులు ఉన్నాయి. అప్రూవల్ కోసం ఆగింది మొదటిది, టర్న్ కోసం ఆగింది రెండోది. వయసులోంచి తీసేది మొదటిదే. మా ఇంట్లో రెండోది పద్నాలుగేళ్ళు. అందులో ఒక్క రోజు కూడా తీసెయ్యరు.

మా టర్న్ 2024 అక్టోబర్‌లో వచ్చింది. ఆ బులెటిన్ చూసిన రాత్రి అమ్మ, నాన్న, తమ్ముడు పడుకున్నాక, అక్కా నేనూ వంటింట్లో కింద కూర్చుని ఫోన్‌లో కాలిక్యులేటర్ తీశాం. మామయ్య అప్రూవల్ నోటీసు ఫోటో వాట్సాప్‌లో పంపాడు. అక్క "నీది చూడు ముందు" అంది. నాకు 23 ఏళ్ళ తొమ్మిది నెలలు దాటాయి. నాలుగేళ్ళ నాలుగు నెలలు తీసేస్తే పంతొమ్మిదిన్నర. ఓకే. తమ్ముడికి 17, వాడికి లెక్కే అక్కర్లేదు. పిటిషన్ వేశాక పుట్టినా వాడికీ వస్తుంది.

తర్వాత అక్కది. 26 ఏళ్ళ మూడు నెలలు. తీసేస్తే 21 ఏళ్ళ పదకొండు నెలలు.

నేను మళ్ళీ లెక్కేశాను. మూడోసారి వేస్తుంటే అక్క ఫోన్ తీసుకుని పక్కన పెట్టింది. "ఎన్నిసార్లు వేసినా నా పుట్టినరోజు మారదు కదే" అంది.

పదకొండు నెలలు. 2022, 2023లో ఇండియా ఎఫ్4 డేట్ 2005 సెప్టెంబర్ దగ్గర నెలల తరబడి కదలకుండా ఉండిపోయింది. ఆ టైమ్‌లో కొంచెం కదిలి ఉంటే అక్క కూడా మాతో వచ్చేది. పోనీ అప్రూవల్ ఇంకో ఏడాది లేటయినా వచ్చేది. మాలో ఎవరి తప్పూ లేదు.

కానీ ఒక తప్పు ఉంది, అది చెప్పడానికే ఈ వీడియో. 2021లో అక్కకి మంచి సంబంధం వచ్చింది. అబ్బాయి లెక్చరర్, అక్కకి నచ్చాడు. అమ్మ "పెళ్ళి చేస్తే నీ వీసా పోతుంది, ఇంకొక్క ఏడాది ఆగుదాం" అంది. అమ్మ చెప్పింది రూల్ ప్రకారం కరెక్టే. పిల్లల కోటాలో వెళ్ళేవాళ్ళు అమెరికాలో దిగేదాకా పెళ్ళి చేసుకోకూడదు. అక్క సరే అంది. ఆ సంబంధం వెళ్ళిపోయింది. ఇంకొక్క ఏడాది, ఇంకొక్క ఏడాది అంటూ మూడేళ్ళు గడిచాయి. అక్క లెక్క ఏ తారీఖుకి 21 దాటుతుందో మేం 2021లోనే తెలుసుకుని ఉండొచ్చు. 2010 నుంచీ ఆ రెండు తారీఖులూ మామయ్య బీరువాలోనే ఉన్నాయి. వేసి చూస్తే 2023 అక్టోబర్ అని వచ్చేది. లోపు టర్న్ వస్తుందా రాదా అని ఆలోచించి, అక్క తనే నిర్ణయించుకునేది. మేం లెక్క వెయ్యలేదు, ఆశ పెట్టుకుని కూర్చున్నాం.

మధ్యలో ఒక ఏజెంట్ కూడా తగిలాడు. "ముంబైలో మనవాళ్ళున్నారు, ఫైల్ కదిలిస్తా, పెద్దమ్మాయిని కూడా ఎక్కిస్తా" అన్నాడు. అమ్మ మాకు చెప్పకుండా 60 వేలు ఇచ్చేసింది. ఏమీ కదల్లేదు, డబ్బులూ రాలేదు. వీసా బులెటిన్‌ని ఏ ఏజెంటూ జరపలేడు, ఎవరి పుట్టినతేదీనీ మార్చలేడు. మారుస్తానన్నవాడు మీ చేత అబద్ధం చెప్పిస్తాడు. అది దొరికితే జీవితాంతం అమెరికా తలుపు మూసుకుపోవచ్చు.

సరే, ఇప్పుడు మీరు చెయ్యాల్సినవి చెప్తాను.

ఒకటి, ఈ రోజే పిటిషన్ వేసినవాళ్ళకి ఫోన్ చేసి రెండు తారీఖులు అడగండి. ప్రయారిటీ డేట్, అప్రూవల్ డేట్. నోటీసు ఫోటో మీ ఫోన్‌లో ఉంచుకోండి. ఇంట్లో ప్రతి పిల్లకీ, పిల్లాడికీ లెక్క వేసి కాగితం మీద రాయండి.

రెండు, బులెటిన్‌లో రెండు టేబుల్స్ ఉంటాయి. వయసు లెక్కకి మేం చూసింది "ఫైనల్ యాక్షన్ డేట్స్". రెండోది పేపర్లు పెట్టుకోవడం ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్తుంది.

మూడు, టర్న్ వచ్చిన ఏడాది లోపు మీరు కదలాలి. ప్రతి ఒక్కరి పేరు మీదా డీఎస్-260 ఫారం నింపడం, ఫీజు కట్టడం. ఒక్కొక్కరికి 325 డాలర్లు. లెక్కలో పాస్ అయ్యి కూడా ఇక్కడ ఊరుకుంటే ఛాన్స్ పోతుంది.

నాలుగు, పేపర్లు. ఇవి వెళ్ళేది నేషనల్ వీసా సెంటర్‌కి. అమ్మకి బర్త్ సర్టిఫికెట్ లేదు. అప్పట్లో ఇంట్లో పుట్టినవాళ్ళకి ఎక్కడుంటుంది? రికార్డు లేదని ఆఫీసు నుంచి సర్టిఫికెట్ తీసుకుని, దానికి టెన్త్ మెమో జతచేశాం. తాతయ్య పేరు మామయ్య కాగితాల్లో ఒక స్పెల్లింగ్, అమ్మవాటిలో ఇంకోటి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. మన తెలుగువాళ్ళందరి కథే ఇది. టర్న్ వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే సరిచేసుకోండి. మామయ్య రిటైరయ్యాడు, ఆదాయం చాల్లేదు. స్పాన్సర్ ఆదాయం పేదరిక రేఖకి 125 శాతం ఉండాలి. అందుకని బావ జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెట్టాడు.

ఐదు, పేపర్లన్నీ ఓకే అయ్యాక ఇంటర్వ్యూ కోసం ఆగాలి. హైదరాబాద్‌లో కాన్సులేట్ ఉంది కదా అనుకోకండి, మాది ముంబైలో పడింది. పేపర్లు ఓకే అయ్యాక ఐదు నెలలకి లెటర్ వచ్చింది. ఏ కాన్సులేట్ ఏ నెల కేసుల్ని పిలుస్తోందో విదేశాంగ శాఖ సైట్‌లోనే చూసుకోవచ్చు. మెడికల్ టెస్ట్ హైదరాబాద్‌లో అయిపోయింది. వీసా గడువు మెడికల్ గడువుతో ముడిపడి ఉంటుంది, మామూలుగా ఆరు నెలలు. అందుకని లెటర్ రాకముందే తొందరపడి చేయించుకోకండి. ఉద్యోగం మానెయ్యడం, ఇల్లు అమ్మడం లాంటివి కూడా వీసా చేతికొచ్చాకే.

ముంబై కౌంటర్ దగ్గర నా వయసు మీద ప్రశ్న వచ్చింది. "ఇరవై నాలుగు కదా, ఎలా?" అని. అప్రూవల్ నోటీసు, నా లెక్క కాగితం ఇచ్చాను. ఆఫీసర్ తన కంప్యూటర్‌లో చూసుకుని తలూపాడు.

ఇప్పుడు నేను ఎడిసన్ నుంచి మాట్లాడుతున్నాను. అక్క హన్మకొండలోనే ఉంది.

"మరి అక్కకి వేరే దారి లేదా?" అంటారు. ఉంది. అమ్మకి గ్రీన్ కార్డు వచ్చింది కాబట్టి ఎఫ్2బీలో వెయ్యొచ్చు. కానీ 2006 డేట్ అక్కకి రాదు. ఇలాంటి కేసుల్లో పాత డేట్ కుదరదని 2014లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పేసింది. కొత్తగా లైన్లో నిలబడాలి, అది కూడా ఏళ్ళ తరబడే. ఆ మధ్యలో పెళ్ళి చేసుకుంటే ఆ పిటిషన్ రద్దు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు పెళ్ళైన పిల్లలకి వెయ్యలేరు. అమ్మ సిటిజన్ అయ్యాక మాత్రం వెయ్యొచ్చు.

అమ్మ వీడియో కాల్‌లో ఇదంతా చెప్పి "వేద్దామా?" అని అడిగింది. అక్క నవ్వి "వద్దమ్మా. నేనింక లైన్లో నిలబడను. మీరు పెళ్ళికి టికెట్లు చూసుకోండి" అంది. వాళ్ళ స్కూల్లోనే మాథ్స్ చెప్పే సార్. తనే చూసుకుంది. వచ్చే మాఘంలో పెళ్ళి.

అమ్మ ఆ రోజు చాలా ఏడ్చింది. తర్వాత లేచి పాయసం చేసింది.

మీ ఇంట్లో కూడా ఎవరైనా "వీసా వచ్చేదాకా ఆగు" అంటూ ఉంటే, ఈ వీడియో వాళ్ళకి పంపండి. ముందు లెక్క వెయ్యమనండి. మీ తారీఖులు అర్థం కాకపోతే కామెంట్‌లో అడగండి. పేర్లు, కేసు నంబర్లు మాత్రం పెట్టొద్దు, ప్లీజ్.