తేనీటి గుణము – దాని కొలత
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఈ గ్రంథాలయపు అరుగుమీద ఒక చేత వార్తాపత్రికయు, ఒక చేత తేనీటి గ్లాసును పట్టుకొని కూర్చుండువారు మనలో పెక్కుమంది కలరు. ఇప్పుడు తేనీరు సీసాలలో చల్లగా కూడ అమ్మబడుచున్నది. వానిపై చీటీలలో ఆంటీ ఆక్సిడెంట్లు మెండుగా కలవని వ్రాయుటయు కద్దు. అది నిజమగునో కాదో తెలియుట ఎట్లు?

తేయాకులోని వగరునకు ముఖ్య కారణము పాలీఫినాల్స్ అను పదార్థములు. ఆంటీ ఆక్సిడెంట్లనగా ప్రధానముగా ఇవియే. వీనిని కొలుచుటకు ఫోలిన్-సియోకాల్టూ ద్రావకమును వాడుదురు. మాంసకృత్తుల పరిశీలనకై దీనిని 1927లో ప్రకటించిరి. పలుచన చేసిన తేనీటిలో ఈ పసుపుపచ్చని ద్రావకమును, పిదప సోడియం కార్బొనేటును కలిపి గంటసేపు ఉంచినచో నీలివర్ణము కలుగును. పాలీఫినాల్స్ ఎంత ఎక్కువయైన నీలము అంత చిక్కనగును. ఆ చిక్కదనమును యంత్రముతో చూచి, తూకము తెలిసిన గాలిక్ ఆమ్లముతో పోల్చి లెక్క కట్టుదురు.

ఈ ఫోలిన్ పండితుడు హార్వర్డు వైద్య కళాశాలలో జీవరసాయన శాస్త్రాచార్యుడు. 1895లో మన భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున కొంతకాలము చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఆ శాఖలోనే పనిచేసిరి. ఫిస్కేతో కలిసి వారు 1925లో ప్రకటించిన భాస్వరపు కొలతయు మాలిబ్డినము వలన కలుగు నీలిరంగుపైననే ఆధారపడినది. ఇది మనకు గర్వకారణము.

అదే బోస్టన్ నగరమున 2010లో జరిగిన అమెరికన్ కెమికల్ సొసైటీ సమావేశమందు ఆరు రకముల సీసా తేనీళ్ల ఫలితములను వెల్లడించిరి. అరలీటరుకు కొంచెము తక్కువ పట్టు సీసాలో, ఒక రకమున 81 మిల్లీగ్రాముల పాలీఫినాల్స్ ఉండగా, మరియొక రకమున 3 మాత్రమే యున్నవి. ఇంట కాచిన కప్పు తేనీటిలో 50 నుండి 150 వరకు ఉండును.

అయినను అంకెలను గ్రుడ్డిగా నమ్మరాదు. సీసాలో కలిపిన విటమిన్ సి కూడ ఆ ద్రావకమును నీలము చేయును. మరియు గాజుగొట్టములో కనబడిన గుణమంతయు దేహములో కనబడునని చెప్పలేము.

ఇంకొక మాట. ఈ పాలీఫినాల్స్ ఆహారములోని ఇనుమును పట్టుకొని ఒంటికి పట్టనీయవు. మా చెల్లెలు రక్తహీనతకిచ్చిన మాత్రలను తేనీటితోనే మ్రింగుచుండెడిది. నెలలు గడచినను నీరసము తీరలేదు. వైద్యుడు అడిగినగాని కారణము తెలియలేదు. కావున అమ్మలారా, భోజనమునకును మాత్రకును తేనీటికిని నడుమ గంటయైనను ఎడమీయుడు.

వ్రాసియున్నదానిని చదువుట ఒక విద్య. చదివినదానిని కొలిచి చూచుట మరియొక విద్య. ఈ రెండింటిని మన గ్రంథాలయము నేర్పుచుండుగాక!